సంచి తెచ్చినందుకు సంజాయిషీ

వరంగల్ కాశిబుగ్గలో మా వీధి ఆడపిల్లల్లో సర్కారు ఉద్యోగానికి పోయిన మొదటిదాన్ని నేనే. మా నాన్న మగ్గం నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. డెబ్బైల చివర్లో నాకు పోస్టాఫీసులో క్లర్కు పని వచ్చినప్పుడు, నాన్న మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చేతులు తుడుచుకొని మరీ ఆర్డరు కాగితం పట్టుకున్నాడు. "ఇగ నీకు ఫికర్ లేదు బిడ్డా. జరమొచ్చి పండుకున్నా జీతమొస్తది" అన్నాడు. నౌకరీ అంటే ఆయనకు తెలిసిన అర్థం అదే. నాకు తెలిసిందీ అదే.

నర్సంపేట పోయే దారిలో ఒక పెద్ద ఊళ్లో నన్ను వేశారు. పెంకుటింట్లో ఆఫీసు. పోస్టుమాస్టరు, నేను, ఆ ఊళ్లో ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్, అంతే మనుషులం. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బ్రాంచి పోస్టాఫీసులు ఉండేవి. రోజూ ఒక్కో పల్లె నుంచి ఒక్కో మనిషి లక్కముద్ర వేసిన సంచి భుజాన వేసుకొని నడిచొచ్చి మాకు అప్పగించి, ఆ పల్లెకు పోవాల్సిన సంచి తీసుకొని తిరిగి వెళ్లేవాడు.

అందరికంటే దూరం నుంచి వచ్చేది చాచా. వాగు అవతలి పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. లుంగీ పైకి మడిచి కట్టి, మెడకు దస్తీ చుట్టుకొని వచ్చేవాడు. ఆఫీసు వెనక బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటే గాని అరుగు ఎక్కేవాడు కాదు. సంచి బల్ల మీద పెట్టి, ముద్ర నా వైపు తిప్పి, "సూస్కో బిడ్డా" అనేవాడు. నేను చూసి తలూపేదాకా చెయ్యి తీసేవాడు కాదు.

చేరిన కొత్తలో ఒకరోజు మాట వరసకు అడిగాను. "చాచా, ఇన్నేండ్ల సర్వీసు కదా నీది, పింఛను బాగానే వస్తదేమో?"

చాచా నవ్వాడు. "పింఛనా? నాకెక్కడి పింఛను బిడ్డా. నేను నౌకరోన్ని కాదు గదా."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. ఆయన వెళ్లాక పోస్టుమాస్టరు గారిని అడిగితే, ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకొని చెప్పారు. "నిజమేనమ్మా. వీళ్లను ఈడీ వాళ్లంటరు. ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్, అంటే డిపార్టుమెంటుకు బయటి మనుషులు. రోజుకు నాలుగు గంటల పని కింద లెక్క. బతుకుదెరువు వేరే ఉన్నదని, ఇది చిల్లర ఖర్చులకని రూల్ల రాసిన్రు. సెలవు లేదు, దవాఖాన ఖర్చు లేదు. జరమొస్తే ఇంకో మనిషిని వాళ్లే ఎతికి పెట్టుకోవాలె. ఆ మనిషి పేరు కూడా ముందుగాల మనకు రాసియ్యాలె."

చాచా పొద్దు పొడవకముందే ఇంట్లో బయలుదేరి, పొద్దు వాలాక ఇల్లు చేరతాడని నాకు తెలుసు. మధ్యలో ఇంకే బతుకుదెరువు చూసుకుంటాడు? ఖాకీ చొక్కా కూడా ఆయన సంతలో కొనుక్కున్నదేనని ఆ రోజే తెలిసింది. నేను చేరి నెల కూడా కాలేదు, నా పేరుకు సెలవులు జమవుతున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా సంచి మోసిన మనిషి ఏమీ కాడు. మరుసటి రోజు ఆయన "సూస్కో బిడ్డా" అన్నప్పుడు మొహం ఎత్తి చూడలేకపోయాను.

ఆ తర్వాత వానాకాలంలో రెండు రోజులు తెరిపి లేకుండా వాన పడింది. మూడో రోజు చాచా రాలేదు. వాగు పొంగి ఉంటుందని పోస్టుమాస్టరు గారు అన్నారు. మధ్యాహ్నం సద్ది విప్పుకుంటుండగా గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. నడుము దాకా తడిసిపోయి ఉంది. నెత్తి మీద గొంగడి, గొంగడి కింద ఇస్తరాకుల్లో చుట్టి తాడుతో కట్టిన మూట. మూట దించి విప్పితే చాచా తెచ్చే సంచి.

"మా ఆయన పంపిండు" అంది. "ముద్ర సూడున్రి. ఖరాబు కాలేదు గదా?"

ముద్ర చెక్కు చెదరలేదు. పోస్టుమాస్టరు గారు బయటికి వచ్చి, చాచా ఏడని అడిగారు.

"మంచం మీదున్నడు సార్. పొద్దుగాల వాగుల కాలు జారింది. బండల నడుమ కాలు ఇరుక్కొని ఇరిగింది. సంచి నెత్తి మీద పట్టుకొని తుమ్మకొమ్మ అందుకున్నడట. నాట్లేసేటోళ్లు గుంజి ఒడ్డుకేసిన్రు."

"దవాఖానకు తీస్కపోయిన్రా?" అన్నాను.

"ఏడ పోతడు బిడ్డా. సంచి అందిందని నేనొచ్చి చెప్పేదాక మంచం కదలనియ్యనన్నడు. టపా పోతే జేలు పడ్తదంటడు. అందుకే నేను చెరువు కట్ట మీదికెళ్లి సుట్టు తిరిగొచ్చిన."

"కాలు ఇరిగిన మనిషిని ఇడిసిపెట్టి ఎట్ల వచ్చినవ్ చాచీ?"

"రాకుంటే కాలు నొప్పి కంటే ఎక్కువ ఏడుస్తడు" అంది, కొంగు పిండుకుంటూ. కూర్చోమంటే కూర్చోలేదు. టీ తెప్పిస్తామంటే వద్దంది. సంచి అందినట్టు చీటీ రాయించుకొని, దాన్ని జాకెట్లో దోపుకొని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. నా సద్ది డబ్బా ఆ రోజు మూత పెట్టినట్టే ఇంటికి తిరిగొచ్చింది.

చాచాను బండి మీద మా ఆఫీసున్న ఊరికి తెచ్చి, బస్సులో వరంగల్ పెద్ద దవాఖానకు చేర్చేసరికి మరుసటి రోజు అయింది. ఆదివారం చూడబోతే, రెండు మంచాల నడుమ నేల మీద చాప వేసి పడుకోబెట్టారు. కాలికి తొడ దాకా పట్టీ. నన్ను చూడగానే అడిగిన మాట, "మా బామ్మర్ది నా బదులు సంచి టయానికి తెస్తాండా బిడ్డా?"

పోస్టుమాస్టరు గారు మంచి మనిషి. జరిగినదంతా వివరంగా రాసి హనుమకొండలో పై ఆఫీసుకు పంపారు. ప్రాణానికి తెగించి టపా కాపాడిన వాళ్లని, ఆడమనిషై ఉండీ వాగు చుట్టు తిరిగి సంచి చేర్చిందని, ఏదైనా బహుమానం ఇప్పించమని, వైద్యానికి సాయం చేయమని. పంపే ముందు నాతో రెండుసార్లు చదివించి, ఇంగ్లీషు తప్పులు లేవు కదా అని అడిగారు. ఆ కాగితం పోయినప్పటి నుంచి మేమిద్దరం రోజూ పై ఆఫీసు కవర్ల కోసమే చూసేవాళ్లం. శాలువా కప్పుతారని నేను, ఎంతో కొంత డబ్బు ఇస్తారని ఆయన.

జవాబు వచ్చింది. ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడ్డారు. కాగితం నా వైపు తోశారు.

టపా సంచిని అనుమతి లేని మనిషి చేతికి ఇచ్చినందుకు చాచా సంజాయిషీ ఇవ్వాలట. విచారణ ముగిసేదాకా ఆయన్ను పని నుంచి పక్కన పెట్టారు. దానికి వాళ్ల మాట 'పుట్ ఆఫ్'. అన్నాళ్లూ పైసా రాదు. అనుమతి లేని మనిషి దగ్గర సంచి తీసుకున్నందుకు పోస్టుమాస్టరు గారు కూడా సంజాయిషీ ఇవ్వాలి. బహుమానం గురించి, కాలు గురించి ఒక్క ముక్క లేదు.

నేను మళ్లీ చదివాను. వేరే ఎవరి కాగితమో మాకు వచ్చిందేమో అనిపించింది. చాచా పేరు, ఊరు పేరు, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"మెచ్చుకొమ్మని రాసిన గదమ్మా" అన్నారు పోస్టుమాస్టరు గారు. "రాయకుంటే వాళ్లకు తెలుస్తుండెనా? నేనే పట్టిచ్చిన ముసలాయన్ని."

ఆ మాట చెప్పడానికి ఇద్దరం దవాఖానకు వెళ్లాం. చాచీ చాచాకు జొన్న గట్క తినిపిస్తోంది. పోస్టుమాస్టరు గారు చెప్పలేక నన్ను చూశారు. నేను చెప్పాను. చాచీ చెంచా గిన్నెలో పెట్టేసింది.

"నేనేమన్న దొంగిలిచ్చిన్నా?" అంది మెల్లగా. "ముద్ర మంచిగనే ఉండె గదా బిడ్డా. నువ్వే సూస్తివి."

"మంచిగనే ఉండె చాచీ."

"మరి?"

చాచా అందుకొని, "వాళ్లన్నది కరెక్టే సార్" అన్నాడు. "దాని పేరు నేను రాసియ్యలే. మా బామ్మర్ది పేరే రాసిచ్చిన. వాడేమో ఆ రోజు సంతకు పోయిండె. తప్పు నాదే."

పై ఆఫీసు కాగితం కంటే ఆ మాటకే నేను ఎక్కువ అదిరిపోయాను. ఆయనకు కోపం వస్తుందని, కనీసం ఒక తిట్టు తిడతాడని అనుకున్నాను. నేల మీద పడుకొని, విరిగిన కాలు ముందు పెట్టుకొని, తప్పు నాదేనన్నాడు.

కార్తీకం వచ్చాక విచారణకు ఇన్‌స్పెక్టరు వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ బట్టలు, నల్ల బూట్లు. సంచి తీసుకున్నది నేనే కాబట్టి సాక్షిగా నన్నూ వెంట రమ్మన్నారు. చాచా అప్పటికి ఇంటికి చేరాడు, కర్ర పట్టుకొని గడప దాకా నడుస్తున్నాడు. దారి చూపడానికి చాచీ మా ఊరికే వచ్చింది. తనను విచారించబోయే అధికారికి తానే దారి చూపింది.

రోజూ చాచా నడిచే దారిలో నేను నడవడం అదే మొదలు. మక్కచేను గట్ల మీద కొంత దూరం, రేగడి బురదలో కొంత దూరం, ఆ తర్వాత పరుపు బండలు. అవి దాటేసరికి నా చెప్పు తెగింది. వాగు దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు, నేను ఇద్దరం రొప్పుతున్నాం. వానలు వెనకపట్టి నెల దాటినా నీళ్లు తొడ దాకా ఉన్నాయి. కింద బండలు పాచి పట్టి ఉన్నాయి.

"ఇంకో దారి లేదా?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"కట్ట మీదికెళ్లి ఉన్నది సార్. అట్ల పోతే పొద్దుగూకుతది" అంది చాచీ.

ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకొని దిగారు. నడుమకు పోయాక ఒక్కసారి తూలారు. బూటు ఒకటి చేజారి నీళ్లలో కొట్టుకుపోయింది. చాచీ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకొని, "కిందికి సూడకున్రి సార్, ఒడ్డు దిక్కు సూడున్రి" అంటూ అవతలికి నడిపించింది. తిరిగొచ్చి నన్నూ దాటించింది. ఒడ్డెక్కాక ఇన్‌స్పెక్టరు మిగిలిన బూటు చేత్తో పట్టుకొని బండ మీద చాలాసేపు కూర్చున్నారు.

బ్రాంచి పోస్టాఫీసు అంటే దాన్ని నడిపే ఆ ఊరి బడిపంతులు ఇంటి ముందు వసారా. వడ్ల బస్తాల పక్కన ఒక బల్ల, ఒక పెట్టె. ఆ చోటు కూడా పంతులు సొంతదే, సర్కారు ఇచ్చింది కాదు. అక్కడ కూర్చొని ఇన్‌స్పెక్టరు చాచీని ఎదుటికి పిలిచి, ప్రశ్నలు రాసుకొచ్చిన కాగితం తీశారు. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"సంచి ముట్టుకొనేందుకు నీకు ఎవరు అనుమతి ఇచ్చారు?"

"మా ఆయన ఇచ్చిండు సార్."

"ఆయనకు ఆ అధికారం లేదని తెలుసా?"

"నాకు తెల్వది. నాకు తెలిసింది ఒక్కటే. ఆ సంచిల ఎవలి మనియార్డర్లో, ఎవలి కాయిదాలో ఉంటయి. అవి ఇంట్ల ఉంచుకుంటే దొంగతనమైతదని మా ఆయన చెప్పిండు. బయటకు తెస్తే తప్పైతదని మీరు చెప్తాన్రు. మరి ఎక్కడ పెట్టాలె సార్?"

ఆమె గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఇన్‌స్పెక్టరు కలం ఆపారు. ఆ తర్వాత ప్రశ్నలేవీ అడగలేదు. సంచికి నష్టం లేదని, దురుద్దేశం లేదని, మనిషి ప్రాణాపాయంలో ఉన్నాడని నాలుగు ముక్కలు రాసి, చాచా ఇంటికి పోయి ఆయనతో వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించుకున్నారు.

తిరిగి వస్తూ, ఎవరో ఇచ్చిన చెప్పులు వేసుకొని నడుస్తూ, నాతో అన్నారు. "పోయిన ఎండాకాలం నేను ఇక్కడికి తనిఖీకి వచ్చానమ్మా. సైకిలు మీద వచ్చాను. వాగులో చుక్క నీరు లేదు. దారి బాగుంది, నాలుగు గంటల పనికి సరిపోతుంది అని రాసింది నేనే."



చాచాను పని నుంచి పక్కన పెట్టిన ఆర్డరు మరుసటి ఏడాది మొదట్లో ఎత్తేశారు. మధ్య నెలలకు ఏమీ రాలేదు. కాలు మాత్రం ఇక సంచి మోసే కాలు కాదు. ఆయన రాజీనామా ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరే మా ఆఫీసుకు వచ్చి, ఆ జాగాలో చాచీతో అర్జీ పెట్టించమన్నారు. ఊళ్ల పేర్లు చదవడం, సంతకం చేయడం వస్తే చాలన్నారు. బామ్మర్ది సంచి తెచ్చినప్పుడల్లా వెంట చాచీ కూడా వచ్చేది. మధ్యాహ్నాలు నా బల్ల పక్కన కూర్చొని అక్షరాలు దిద్దేది. ఒత్తులంటే ఆమెకు మంట. "గీ కిందికి ఏలాడే అక్షరాలెవలు పెట్టిన్రు బిడ్డా, వాగుల బండల లెక్క కాళ్లకు తగుల్తానయి" అనేది. చివరికి ఆ పని ఆమెకే వచ్చింది. మా డివిజన్‌లో సంచి మోసే పనికి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆమేనని విన్నాను.

ఎనభైలలో ఈడీ వాళ్లు అంతా ఒక్కటై హనుమకొండలో ఆఫీసు ముందు టెంటు వేసి కూర్చున్నారు. మేమూ నౌకరోళ్లమే అన్నది వాళ్ల మాట. చాచీ కూడా బురఖా వేసుకొని వెళ్లి కూర్చుంది. నేను అక్కడే సుబేదారిలో బంధువుల ఇంట్లో అన్నం వండించి డబ్బాలు పట్టుకుపోయాను. ఢిల్లీలో వీళ్ల సంగతి చూడటానికి కమిటీ వేశారని అన్నారు. కొంత భత్యం పెరిగింది, ఛత్రి ఇచ్చారు. నౌకరోళ్లన్న పేరు మాత్రం రాలేదు. అదే సమయంలో పల్లె వాళ్లు, పంతులు, మా ఇన్‌స్పెక్టరు తలో దిక్కు రాసిన అర్జీల వల్ల వాగు మీద వంతెన పడింది. ఊరికి బస్సు వచ్చింది. మొదటి బస్సులో చాచీ సంచి ఒళ్లో పెట్టుకొని, కిటికీ పక్కన కూర్చొని వచ్చి, దిగగానే నాకు చెప్పింది: "వాగు పైకెళ్లి వచ్చిన బిడ్డా. కాలు తడువలే."

కొన్ని నెలలకు పై ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. బస్సే సంచి తెస్తుంది కాబట్టి ఇక మోసే మనిషి అక్కర్లేదట. ఈసారి అది చదివి కుర్చీలో కూలబడింది నేను. పోస్టుమాస్టరు గారు అప్పటికి రిటైరయ్యారు. వంతెన కావాలని అడిగిన వాళ్లలో నేనూ ఉన్నాను. అది ఆమె పని తీసేస్తుందని ఒక్కరికీ తట్టలేదు.

చాచీతో చెప్పాను. ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి అంది, "మా ఊరి అవతల రెండు గూడేలున్నయి. ఆడికి పోస్టాయన ఎన్నడు పోలే. వాళ్ల కాయిదాలు దుకాణంల పెడ్తరు. నన్ను ఆడికి తిరగమనున్రి."

ఆ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. మ్యాపులో ఆ గూడేలు ఊరి కిందే లెక్క. మేం రాశాం, యూనియన్ వాళ్లు రాశారు, అప్పటికి పెద్ద ఆఫీసులో కూర్చున్న మా పాత ఇన్‌స్పెక్టరు గట్టిగా పట్టుకున్నారు. సంచి మోసే పని పోయి, చాచీకి గూడేల్లో ఉత్తరాలు పంచే పని వచ్చింది.

మొదటి రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. ముందు దుకాణానికి పోయాం. షావుకారు మేకుకు గుచ్చి వేలాడదీసిన కట్ట తీసి ఇచ్చాడు. గూడేల వాళ్లు ఉప్పుకో పప్పుకో వచ్చినప్పుడు ఇద్దామని పెట్టాడట, యాదిమరిచాడట. ఆయన దాచింది కాదు. ఎవరూ అడగలేదు, ఆయన ఇవ్వలేదు. కార్డుల మీద దుమ్ము, చెదలు. కొన్నింటి మీద ముద్రలు నేను కొట్టినవే. బల్ల దాటిన ఉత్తరం చేరినట్టేనని ఇన్నేళ్లూ అనుకున్నాను.

గూడెంలో ఒక గుడిసె ముందు చింతపండు పిక్కలు తీస్తున్న ఆమెకు చాచీ ఒక కార్డు చాపింది. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "ఎవలు సచ్చిపోయిన్రు?" అంది. ఇంటికి కార్డు వస్తే చావు కబురే అనుకునే ఊరది.

"ఎవలు సావలే. మంచి కబురే ఉండొచ్చు. సదువుతా ఆగు" అని చాచీ గడప మీద కూర్చొని, ఒత్తుల దగ్గర ఆగుతూ చదివింది. కాజీపేటలో రైల్వే ఖలాసీకిచ్చిన చెల్లెలు ఏళ్ల కిందట రాయించిన ఉత్తరం. బిడ్డ పుట్టింది, ఇరవై ఒకటో రోజు తొట్టెల వేస్తున్నం, నాకు తల్లివైనా నువ్వే, అక్కా నువ్వు తప్పక రావాలె.

ఆ అక్క చేతిలో చింతపండు అలాగే ఉంది. "నన్ను పిల్వలే అనుకున్న" అంది. "పట్నం పోయినంక చెల్లెకు నేను గుర్తులేననుకున్న. ఆ పుట్టిన బిడ్డ ఇప్పుడు బడికి పోతాందట. నేనింకా మొఖమే సూడలే."

కాజీపేట అక్కడికి ఒక పూట ప్రయాణం. ఆ చెల్లెలు పిలిచినా రాలేదని అలిగి ఉంటుంది, ఈ అక్క పిలవలేదని అలిగింది. నడుమ దుకాణంలో ఒక మేకు.

చాచీ కార్డు ఆమె ఒళ్లో పెట్టింది. "ఇగ ఏడ్వకు. రేపు పొద్దుగాల బస్సున్నది. ఈ బిడ్డది కాశిబుగ్గనే, కాజీపేట దారి తెలుసు. నిన్ను ఇంటిదాక తోల్కపోతది" అంది నా వైపు చూపిస్తూ. నన్ను అడగలేదు. నేను కూడా కాదనలేదు.

మరునాడు రైల్వే క్వార్టర్ల ముందు ఒక పిల్ల పలక పట్టుకొని కూర్చొని ఉంది. అక్క దూరం నుంచే ఆ పిల్లను చూసి ఆగిపోయింది. లోపలి నుంచి చెల్లెలు వచ్చింది, చేతులకు పిండి. గడప దాటకుండానే అక్కతో అంది, "ఇప్పుడు యాదికొచ్చిన్నా అక్కా?"

అక్క కొంగు ముడి విప్పి, మేకుకు చిల్లుపడ్డ ఆ కార్డు తీసి ఆమె చేతికి ఇచ్చింది.